మూన తిరిగే దాకా

ఆపరేషను చేయించుకున్నవాడికి మన దేశంలో సానుభూతికి లోటుండదు. కడుపు కోయించుకున్నవాడి మంచం చుట్టూ చుట్టాలు బత్తాయిపళ్ళతో మూగుతారు. కంట్లో శుక్లం తీయించుకున్న బామ్మగారికి నల్లకళ్ళద్దాలు పెట్టి యింటిల్లిపాదీ చేయిపట్టుకొని నడిపిస్తారు. పన్ను పీకించుకున్నవాడు కూడా దవడ పట్టుకొని రెండురోజులు తిరిగి తన వాటా జాలి తాను సంపాదించుకుంటాడు. ఒక్క జుట్టు నాటించుకున్నవాడి సంగతే వేరు. వాడు గాయాన్ని మాన్పుకోవడంతోపాటు దాచుకోవాలి కూడాను. చెబితే నవ్వుతారు. చెప్పకపోతే, "ముఖమట్లా వాచిందేం?" అని నిలదీస్తారు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు యీ విషయం ఎట్లా తెలిసిందంటే, 2024 జూలైలో మా అక్కయ్య కొడుకు యీ చికిత్స చేయించుకొని, కోలుకోవడానికి తిన్నగా మా యింటికొచ్చాడు. వాడికి యిరవై తొమ్మిదేళ్ళు. హైదరాబాదులోనే కంప్యూటరు ఉద్యోగం. స్నేహితులతో కలిసి గది తీసుకొని వుంటున్నాడు. అక్కయ్యా బావగారూ తెనాలి దగ్గర పల్లెటూళ్ళో వుంటారు; వ్యవసాయం. వాడికి యిరవై నాలుగో ఏట నుంచే నుదురు వెనక్కి జరగడం మొదలుపెట్టింది. అందులో వింత లేదు. బావగారి నెత్తిన తుండుగుడ్డ తీస్తే తెలుస్తుంది, ఆ ఆస్తి ఎవరినుంచి సంక్రమించిందో! అయితే బావగారికి బట్టతల రాకముందే పెళ్ళయిపోయింది. వీడికి ఆ అదృష్టం లేకపోయింది. రెండు సంబంధాలవారు వచ్చి, కాఫీ తాగి, "అబ్బాయి వయస్సు కాస్త ఎక్కువలా వుందండీ" అని వెళ్ళిపోయారు. ఆ తర్వాత వాడు ఫొటో అంటేనే లేచి వెళ్ళిపోవడం నేర్చుకున్నాడు.

యిది చాలనట్టు మరో చిక్కు. వాడికి ఉద్యోగమొస్తే తలనీలాలిస్తానని అక్కయ్య వెంకటేశ్వరస్వామికి ఎప్పుడో మొక్కుకుంది. ఉద్యోగమొచ్చి అయిదేళ్ళయింది. యిస్తే మళ్ళీ వస్తాయో రావోనన్న భయంతో వాడు ఆ మొక్కును ఏటికేడు వాయిదా వేస్తూనే వున్నాడు.

"అమ్మకు చెప్పొద్దు మావయ్యా" అన్నాడు, గుమ్మంలో సంచీ దించకుండానే.

"నేనుగా చెప్పను. అడిగితే మాత్రం అబద్ధమాడను. సరేనా?" అన్నాను. సరేనన్నాడు.

యీ వైద్యం గురించి జనానికి ఒక అపోహ వుంది. కొత్త జుట్టు పుట్టిస్తారనుకుంటారు. అట్లా పుట్టించే విద్య యింకా ఎవరికీ రాలేదు. వున్నదాన్ని చోటు మార్చడమే యిది. మగవారి బట్టతలకు పురుష హార్మోను మూలమని 1942లో హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఆ హార్మోను ధాటికి నడినెత్తిమీది, నుదుటి పైని కుదుళ్ళు క్షీణిస్తాయిగాని, తల వెనకభాగంలోనివి చాలావరకు లొంగవు. అందుకే ఎంత బట్టతలవాడికైనా చెవులమీదుగా వెనకవైపు ఒక దండ మిగిలివుంటుంది. ఆ వెనకటి కుదురును తీసి ముందు నాటితే, అది తన పుట్టింటి గుణాన్ని వదలదు. కొత్తచోటా పెరుగుతూనే వుంటుంది. జపానులో ఒకుడా అనే వైద్యుడు 1939లోనే జుట్టున్న చర్మపు ముక్కలను మచ్చలు పడ్డచోట నాటి ఫలితం ప్రకటించాడు. యుద్ధకాలం కావడంచేతా, రాసింది జపానుభాషలో కావడంచేతా ప్రపంచానికది చేరలేదు. 1952లో న్యూయార్కులో ఆరెన్‌ట్రైక్ అనే చర్మవైద్యుడు మగవారి బట్టతలకే యీ పని మొదలుపెట్టాడు. ఆనాడు కుదుళ్ళను గుత్తులు గుత్తులుగా నాటేవారు. తల బొమ్మజుట్టులా కనిపించేది. యిప్పుడు ఒక మిల్లీమీటరు వెడల్పుకూడా లేని సూదిగొట్టంతో ఒక్కొక్క కుదురే తీస్తారు. ఒక్కో కుదురులో ఒకటి మొదలు నాలుగు వెంట్రుకలదాకా వుంటాయి. తీసినచోట మళ్ళీ మొలవదు కనక నారుమడిని చూసుకొని వాడుకోవాలి. మావాడికి రెండువేల రెండువందల కుదుళ్ళు నాటారు. పొద్దున తొమ్మిదింటికి కూర్చున్నవాడు సాయంత్రం అయిదింటికి లేచాడు. మొత్తం మత్తు యివ్వరు, తలకు మాత్రం తిమ్మిరి సూదులు వేస్తారు. ఆ సూదులు తప్ప మిగతాదంతా నొప్పి తెలియలేదన్నాడు.

అసలు కథ యింటికొచ్చాక మొదలైంది.

మొదటి రాత్రి పడుకోవడమే సమస్య. వెల్లకిలా పడుకుంటే వెనక పుండు. బోర్లా పడుకుంటే ముందు నాట్లు. పక్కకు తిరిగితే దిండు రాపిడి. నడుము వాల్చీ వాల్చకుండా, సగం కూర్చున్నట్టు పడుకోవాలట. మా ఆవిడ యింట్లో వున్న దిండ్లన్నీ పేర్చి, వాటిమీద పరుపుచుట్ట ఆనించి, శేషశయనం లాంటి ఒక ఏర్పాటు చేసింది. వెనకవైపు కట్టు కట్టారుగాని ముందువైపు ఏమీ కప్పలేదు. ఆవగింజల్లాంటి ఎర్రటి చుక్కలు, ఒక్కో చుక్కలోనుంచి గడ్డిపరకంత జుట్టు. దానిమీద అరగంటకోసారి ఉప్పునీటి మందు మంచులా చిమ్ముతుండాలి. ఆ ఉద్యోగం మా అమ్మాయి పుచ్చుకుంది. కాలేజీకి వెళ్ళబోతూ ఒకసారి, వచ్చాక ఒకసారి, మధ్యలో ఫోనులో, "బావా, నీళ్ళు పోసుకున్నావా?" అని ఒకసారి. పూలకుండీలమీద దానికి యింత శ్రద్ధ నేనెన్నడూ చూడలేదు.

మూడోనాడు లేచేసరికి వాడి ముఖం వాడిది కాదు. నుదురు ఉబ్బి కనుబొమలమీదికి జారింది. సాయంత్రానికి కళ్ళు సగం మూసుకుపోయాయి. మా ఆవిడ హడలిపోయింది. డాక్టరుగారికి ఫోను చేస్తే ఆయన నిదానంగా, "తిమ్మిరికోసం ఎక్కించిన నీరు, గాయపు వాపు కలిసి కిందికి దిగుతున్నాయి. నాట్లమీద కాకుండా నుదుటికి చల్లటి గుడ్డ వెయ్యండి. తల ఎత్తుగానే వుంచండి. జ్వరంగాని, చీముగాని, పెరుగుతున్న నొప్పిగాని వుంటే వెంటనే తీసుకురండి" అన్నారు. అవేవీ రాలేదు. ఆరోరోజుకి వాపు పూర్తిగా తీసింది.

ఆ మూడోనాడే అక్కయ్య వీడియో ఫోను చేసింది. వాడు తియ్యలేదు. నాకు చేసింది.

"తమ్ముడూ, వాడు మీ యింట్లో వున్నాడటగా? బాగున్నాడా?"

"వున్నాడక్కయ్యా. రెండుపూటలా తింటున్నాడు. మీ మరదలు ముద్దపప్పు చేసిపెడుతోంది" అన్నాను. యిందులో అబద్ధమేమీ లేదు. ముఖం ఎట్లా వుందని ఆవిడ అడగలేదు.

తర్వాతి ఘట్టం స్నానం. తలస్నానమంటే అభిషేకమే అనుకోండి. షవరు కింద నిలబడకూడదు, ఆ ధారకు నాటినవి కదులుతాయి. పసిపిల్లల షాంపూ చేతిలో నురగచేసి, ఆ నురగను తలమీద వుంచి, చెంబుతో సన్నగా నీళ్ళు వొంపాలి. తుడవకూడదు, అద్దాలి. వంగకూడదు; బరువెత్తకూడదు; టీషర్టు తలమీదుగా వేసుకోకూడదు. సిగరెట్టు ముట్టుకోకూడదు, అది రక్తనాళాలను బిగదీసి నాటినవాటికి రక్తం అందనివ్వదట. మావాడికా అలవాటు లేదుగనక ఆ ఒక్క నిషేధం తేలిగ్గా గడిచింది. వారం తిరిగేసరికి ప్రతి చుక్కమీదా పక్కు కట్టింది. పక్కుతోపాటు దురద! నాట్లలోకి చెయ్యి దానంతటదే వెళ్ళేది. మా ఆవిడ వంటింట్లోంచే, "ఊఁ, చెయ్యి!" అనేది. గోడలగుండా చూసే విద్య ఆడవాళ్ళకెట్లా వస్తుందో తెలియదు. పక్కు గీకితే కుదురుకు కుదురే వూడివస్తుంది. మొదటివారంలో నెత్తురుతో వూడిందంటే అది పోయినట్టే. పదోరోజు దాకా ఓపిక పట్టి, తర్వాత నురగలో నానబెట్టి వేలికొసలతో మెల్లగా తిప్పితే పక్కులు వాటంతటవే రాలిపోయాయి. కింద చర్మం లేతగులాబీ రంగులో బయటపడింది.

యిక్కడొక మాట చెప్పాలి. వీధికొకటిగా అలంకారశాలల్లోనూ యీ పని చేస్తామని బోర్డులు కడుతున్నారు. యిది క్షవరం కాదు, శస్త్రచికిత్స. శిక్షణ పొందిన రిజిస్టర్డు వైద్యులే చెయ్యాలనీ, వీడియోలు చూసి నేర్చుకున్నది శిక్షణ కాదనీ 2022లో జాతీయ వైద్య కమిషన్ స్పష్టంగా చెప్పింది. చవక అని వెళ్ళి తలలు పాడుచేసుకున్నవాళ్ళ కథలు మా కాలేజీ స్టాఫ్‌రూములోనే వినిపిస్తాయి.

ఎండలోకి వెళ్ళవద్దన్నారు గనక వాడు యింటినుంచే పని చేసుకునేవాడు. ఆ రోజుల్లోనే కాలేజీలో నేను భర్తృహరి సుభాషితాలు చెబుతున్నాను. ఎండకు తలమాడి చెట్టునీడకు చేరిన బట్టతలవాడి నెత్తిన పండు పడి పగిలిన పద్యమొకటి వుంది. ఏటా ఆ పద్యం దగ్గర క్లాసంతా నవ్వుతుంది, నేనూ నవ్విస్తాను. ఆ ఏడు మాత్రం తాత్పర్యం చెప్పి తరవాతి పద్యానికి వెళ్ళిపోయాను.

పన్నెండోరోజుకి వాడి తల చూడముచ్చటగా తయారైంది. నుదుటిమీద చక్కని గీత. దానివెనక పొట్టిగా, వత్తుగా మొలకలు. వాడు అద్దం ముందునుంచి కదిలేవాడు కాదు. యిక గదికి వెళ్ళిపోతానన్నాడు. మా ఆవిడే, "నెలాఖరుదాకా వుండరా" అని ఆపింది. ఆపడం ఎంత మంచిదయిందో తర్వాత తెలిసింది.

మూడోవారంలో దిండుమీద వెంట్రుకలు కనిపించాయి. ముందు అయిదారు. తర్వాత గుప్పెడు. నాటినవి రాలడం మొదలుపెట్టాయి. యిట్లా జరుగుతుందని డాక్టరు ముందే చెప్పారు. వాడికిచ్చిన కాగితంలో అచ్చేసి వుంది కూడా. కాని చదవడం వేరు, దిండుమీద చూడడం వేరు. కుదురును ఒకచోటునుంచి పెకలించి మరోచోట నాటినప్పుడు దానికి కలిగే అదటుకు అది నిద్రలోకి జారుకుంటుంది. పైనున్న వెంట్రుకను వదిలేస్తుంది. కుదురు మాత్రం చర్మంలో క్షేమంగా వుంటుంది. మామూలుగానూ మన తలమీది ప్రతి వెంట్రుకా కొన్నేళ్ళు పెరిగి, రాలి, దాని కుదురు సుమారు మూడునెలలు విశ్రమించి మళ్ళీ మొలకెత్తుతుంది. అందుకే ఆరోగ్యవంతుడి తలనుంచి కూడా రోజుకి యాభైనుంచి నూరుదాకా రాలినా మనకు తెలియదు. మావాడి విషయంలో అవన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే విశ్రమించాయి. పైగా నాట్లమధ్యనున్న పాతజుట్టు కూడా ఆ అదటుకు కొంత రాలింది.

ఆగస్టు మూడోవారానికి వాడి తల ఆపరేషనుకు ముందుకన్న బోసిగా వుంది. యింట్లోకూడా టోపీ తీసేవాడు కాదు. భోజనానికి పిలిస్తే, "ఆకలి లేదత్తయ్యా" అనేవాడు. రాత్రి రెండింటికి వాడి గదిలో దీపం వెలుగుతుండేది. ఒకరోజు తలుపు తోసి చూస్తే, రాలిన వెంట్రుకలను తెల్లకాగితంమీద వరసగా పేర్చి లెక్కపెడుతున్నాడు. నన్ను చూసి కాగితం దాచలేదు.

"లక్ష పైచిలుకు పోసి వున్నది కూడా పోగొట్టుకున్నాను మావయ్యా. యిక యింటికి వెళ్ళను" అన్నాడు. గొంతులో ఏడుపుకూడా లేదు. అదే నన్ను భయపెట్టింది.

మర్నాడు నేనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన భూతద్దం కెమెరాతో చూసి, వాపూ చీమూ మచ్చా ఏమీ లేవనీ, నెత్తురు లేకుండా రాలినదాన్ని కుదురు పోవడమని అనరనీ, నాలుగోనెలదాకా అద్దం తగ్గించమనీ చెప్పారు. దారిపొడుగునా నేనూ చెప్పాను. శిశిరంలో చెట్టు ఆకు రాల్చదా, వసంతం రాదా అని ఉపన్యాసమే యిచ్చాను. యిరవైయేళ్ళుగా ఉపన్యాసాలు యిస్తున్నవాణ్ణి. వినేవాడు వింటున్నాడో లేదో తెలుస్తుంది. వాడు వినడంలేదు.

ఆ ఆదివారం బావగారు దిగారు, ఉత్తరం లేదు, ఫోను లేదు. నాట్లు అయిపోయాయట. శ్రావణమాసం పెళ్ళి ఒకటి కూకట్‌పల్లిలో వుంటే వచ్చి, పనిలో పనిగా కొడుకును చూసిపోదామనుకున్నారు. సంచీలోంచి గోంగూర కట్టలు తీసి మా ఆవిడకిచ్చి, కుర్చీలో కూర్చొని, "యింట్లో టోపీ ఏమిట్రా?" అన్నారు.

వాడు నావైపు చూశాడు. నేను ఏమీ చెప్పలేదు. వాడే టోపీ తీశాడు.

బావగారు లేచివెళ్ళి, కొడుకు తల వంచి, ముందూ వెనకా చాలాసేపు చూశారు. పొలంలో వంగి దుబ్బు చూసే చూపు అది.

"వెనకనించి తీసి ముందు నాటారా?"

"ఆఁ."

"ఎన్నాళ్ళయింది?"

"ఆరు వారాలు నాన్నా. అన్నీ రాలిపోయాయి."

"వేరు పట్టిందంటున్నాడా డాక్టరు?"

"పట్టిందంటున్నాడు."

"మరింకేం? నాటు వేసిన నాలుగోరోజున చేను చూస్తే ఏడుపొస్తుందిరా. నారుమడిలో పచ్చగా వున్నదే, పసుపుదేలి, వాడి, నీళ్ళలో పడుకుంటుంది. కొత్తగా సేద్యానికి దిగినవాడు గట్టుమీద కూర్చొని బెంగపెట్టుకుంటాడు. తెలిసినవాడు నీళ్ళు చూసుకొని యింటికొస్తాడు. మూన తిరిగేదాకా చేసేదేముంది? లేచి కాళ్ళు కడుక్కో, అన్నం తిందాం."

నాటిన నారు కొత్తవేళ్ళు తొడిగి, మళ్ళీ పచ్చబడి నిలదొక్కుకోవడాన్ని మూన తిరగడమంటారు. ఎం.ఏ. తెలుగు చదివిన నేను ఆ మాట యిన్నేళ్ళలో ఒక్క క్లాసులోనూ వాడలేదు. నిజానికి ఆ పోలికలో కాస్త తేడా వుంది. వరిలో ఆ మొక్కే తేరుకుంటుంది. తలమీద పాతపరక రాలి, కుదురునుంచి కొత్తది వస్తుంది. ఆ తేడా చెప్పబోయాను. మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. వూరుకున్నాను. మేనల్లుడు ఆ పూట గోంగూరతో మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

అక్కయ్యకు బావగారే చెప్పారు. ఆవిడకు కోపం వాడు జుట్టు నాటించుకున్నందుకు కాదు, మొక్కు తీర్చకుండా చేయించుకున్నందుకు. రెండురోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు నాకు ఫోను చేసి, "నీలాదేవి కథ గుర్తుందా తమ్ముడూ?" అంది. గొల్లవాడి గొడ్డలిదెబ్బకు స్వామి తలమీద కొంతమేర జుట్టు పోతే, నీలాదేవి అనే గంధర్వకాంత తన కురులు కత్తిరించి అక్కడ అతికిందనీ, భక్తులిచ్చే తలనీలాలు ఆమెకే చెందాలని స్వామి వరమిచ్చాడనీ మన పెద్దలు చెప్పుకుంటారు. ఏడుకొండల్లో నీలాద్రి ఆవిడ పేరే. "ఆయనా నాటించుకున్నవాడేగా, వీడిమీద కోపమెందుకొస్తుంది? ఎప్పుడివ్వచ్చో డాక్టర్ని అడుగు" అంది. అడిగాను. ఏడాది నిండితే నిక్షేపంగా గుండు చేయించుకోవచ్చనీ, కుదురు లోపల వుంటుంది గనక నాటిన జుట్టయినా మామూలుగానే మళ్ళీ వస్తుందనీ ఆయన అన్నారు. కల్యాణకట్ట మొక్కు ఏడాది వాయిదా పడింది, యీసారి అమ్మ అనుమతితో.

అక్టోబరులో నాటినచోట చిన్నచిన్న మొటిమల్లాంటివి లేచాయి. కొత్త వెంట్రుక చర్మాన్ని తోసుకొని వచ్చేటప్పుడు కొందరికి అట్లా అవుతుందట. గిల్లకుండా వుంటే తగ్గాయి. కార్తీకమాసంలో మొదటి నూగు కనిపించింది. ముందు చూసింది మా అమ్మాయి. నాటినవి నిలిచినా పక్కనున్న పాతవాటిని హార్మోను వదలదు గనక రాసుకునే మందూ మాత్రా కొనసాగించమన్నారు. యిది ఒకరోజు వైద్యం కాదని చాలామందికి ముందుగా తెలియదు.

పెళ్ళి కుదిరిందా అని మీరడుగుతారు. సంబంధాలు వస్తున్నాయి. వచ్చినవాళ్ళకి కాఫీకి ముందే బావగారు, "మావాడికి తలమీద నాటు వేయించామండీ" అని చెప్పేస్తున్నారట. అందులో ఒకరు మొహం ముడుచుకొని వెళ్ళారు. మరొకరు డాక్టరుగారి చిరునామా అడిగి రాసుకున్నారు, తమ పెద్దబ్బాయికోసం.

2025 సంక్రాంతికి మేమంతా వాళ్ళ వూరు వెళ్ళాం. భోగినాడు తెల్లవారుజామున అక్కయ్య కొడుకును పీటమీద కూర్చోబెట్టి, గోరువెచ్చని నువ్వులనూనె అరచేతిలో పోసుకొని మాడున పెట్టింది. ఆర్నెల్లయింది గనక అభ్యంతరం లేదని డాక్టరు చెప్పారు. ఆవిడ వేళ్ళు నుదుటి దగ్గరికొచ్చి ఆగాయి.

"యివి సన్నంగా, మెలికలు తిరిగి వున్నాయేమిట్రా?"

"యింకా ఆర్నెల్లుందమ్మా. అప్పటికి లావెక్కుతాయి."

భోగిమంట దగ్గర తుండుగుడ్డ చుట్టుకొని నిలబడ్డ బావగారు, "పొట్టకూడా రాలేదు, అప్పుడే కోతలంటావేం? నెమ్మదిగా రుద్దు" అన్నారు.

అక్కయ్య మరికాస్త నూనె పోసుకుంది.